రెండో చోటుకు ముందు చేరేది ఎవరు: న్యూక్ మ్యాప్‌పై ఒక జట్టు కేస్ స్టడీ

నేను శిక్షణ ఇచ్చే కౌంటర్ స్ట్రైక్ 2 జట్టువాళ్లు మొదటి 12 రౌండ్లు రక్షణ పక్షంగా ఆడి 9 గెలిచారు. పక్షాలు మారాక ఇంకో 4 గెలిస్తే మ్యాచ్ వాళ్లదే. గెలిచినవి రెండే. 11-13తో ఓడిపోయి, అయిదుగురూ హెడ్‌సెట్లు తీయకుండానే చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. చివరికి కెప్టెన్ అన్నాడు: "అన్నా, ఇకపై మ్యాపుల ఎంపికలో దీన్ని ప్రతిసారీ తీసేద్దాం. దాడి పక్షానికి ఇందులో అవకాశమే లేదు."

ఆ మాట తప్పని నాకు గట్టిగా అనిపించింది, కానీ ఎందుకు తప్పో చెప్పడానికి ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. అది దొరకడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. మ్యాప్ అనుకూలత అనే మాటను జట్లు ఎంత తేలిగ్గా వాడతాయో, ఎంత తక్కువగా కొలుస్తాయో ఆ రెండు నెలల్లో నాకు అర్థమైంది. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

ఆట కౌంటర్ స్ట్రైక్ 2, అయిదుగురు చొప్పున రెండు పక్షాలు తుపాకులతో తలపడే వీడియో గేమ్. మ్యాప్, అంటే పోరు జరిగే స్థలం, న్యూక్. ఈ ఆట పరిచయం లేనివారి కోసం రెండు మాటలు. ఒక పక్షం బాంబు పెట్టాలి, రెండో పక్షం దాన్ని ఆపాలి. బాంబు పెట్టడానికి రెండు సైట్లు ఉంటాయి. రౌండ్ సమయం 1 నిమిషం 55 సెకన్లు. బాంబు పెట్టాక అది పేలడానికి 40 సెకన్లు. దాన్ని నిర్వీర్యం చేయడానికి కిట్ ఉంటే 5 సెకన్లు, లేకపోతే 10. 12 రౌండ్ల తర్వాత పక్షాలు మారతాయి, ముందు 13 గెలిచినవారిది మ్యాచ్.

చాలా మ్యాపుల్లో రెండు సైట్లూ చెరో వైపున ఉంటాయి. న్యూక్‌లో మాత్రం ఒకదానిమీద ఒకటి ఉంటాయి. పైన ఏ, సరిగ్గా దాని కింద బీ. ఇంత పాత మ్యాప్ అయినా, 1999లో వచ్చి 2016లో కొత్త రూపు దిద్దుకున్నా, ఈ ఒక్క నిర్మాణ లక్షణం మారలేదు. రక్షణ పక్షానికి ఇది అనుకూలమైన మ్యాప్ అని ఆటగాళ్లందరూ అనేదీ అందుకే. అయితే "అనుకూలం" అన్నాక ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. ఆ అనుకూలత ఎక్కడ పుడుతోంది, ఎన్ని సెకన్లు ఉంటోంది, దాన్ని ఎదుటివాళ్ల నుంచి లాక్కోవచ్చా అని ఎవరూ అడగరు.

నా మొదటి నిర్ధారణ తప్పు

ఓటమి తర్వాత డెమోలు, అంటే మ్యాచ్ రికార్డింగులు, చూస్తే ఒకే దృశ్యం మళ్లీ మళ్లీ కనిపించింది. మావాళ్లు సైట్‌లోకి దూసుకెళ్తున్నారు, తుపాకీ పోరులో ఓడి చనిపోతున్నారు. గురి బాగాలేదనుకున్నాను. రెండు వారాలు గురి సాధన చేయించాను. రోజూ గంటన్నర, ఒకరితో ఒకరు పోటీలు, తల ఎత్తుకు గుళ్లు తగిలే అలవాటు కోసం కసరత్తులు. గురి మెరుగుపడింది కూడా. న్యూక్‌లో దాడి పక్షంగా మాత్రం ఫలితం మారలేదు. సాధన మ్యాచుల్లో మళ్లీ 3, 2, మళ్లీ 3.

అప్పుడు పోరు జరిగిన క్షణాన్ని పక్కనపెట్టి, దానికి ముందు జరిగినదాన్ని కొలవడం మొదలుపెట్టాను. ఓడిన ఆ మ్యాచ్‌లో దాడి పక్షంగా ఆడిన ప్రతి రౌండ్‌కూ నాలుగు అంకెలు రాసుకున్నాను. మొదటి కాల్పులు ఎప్పుడు జరిగాయి, మొదటిసారి ఏ ప్రాంతం మన చేతికి వచ్చింది, సైట్ మీదకు చివరి దాడి మొదలయ్యేసరికి గడియారంలో ఎంత మిగిలింది, ఆ సమయానికి ఆ సైట్‌లోనూ దాని అంచునా ఎంతమంది రక్షకులు ఉన్నారు. ఇందుకు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ ఏదీ అవసరం లేదు. డెమోను ఆపుకుంటూ చూడటం, ఒక నోటు పుస్తకం, ఓపిక ఉంటే చాలు.

ఓడిన 10 రౌండ్లలో మూడింటిని లెక్కలోంచి తీసేశాను. ఒకటి పిస్టల్ రౌండ్, అంటే సగం మొదట్లో పిస్టళ్లతోనే ఆడేది. మిగతా రెండు దాని వెంటనే, ఆయుధాలు కొనడానికి ఆటలో ఇచ్చే డబ్బు లేక ఆడినవి. మిగిలిన ఏడింటిలో ఆరుసార్లు చివరి దాడి 25 సెకన్లలోపే మిగిలి ఉండగా మొదలైంది. ఆ ఆరింటిలో అయిదుసార్లు సైట్ దగ్గర నలుగురు రక్షకులున్నారు. అంటే మావాళ్ల గురికి దోషం లేదు. నలుగురు ఎదురుచూస్తున్న చోటికి, ఆలోచించుకునే సమయం మిగలకుండా వెళ్తున్నారు. అలాంటి పోరులో ఎంత గొప్ప గురి ఉన్నవాడైనా నిలవడం కష్టం.

నలుగురు అక్కడికి ఎలా వచ్చారు? జవాబు మ్యాప్‌లోనే ఉంది. పై సైట్ నుంచి కింది సైట్‌కు వెంట్స్ అనే గాలి గొట్టాల ద్వారా దూకేయొచ్చు. ర్యాంప్ అనే వాలు దారి దగ్గరున్నవాడు నాలుగడుగులు వెనక్కి వేస్తే కింది సైట్‌కు చేరతాడు. హెవెన్ అనే ఎత్తైన చోట నిలబడ్డవాడు కదలకుండానే పై సైట్‌ను చూస్తాడు, పక్కకు తిరిగితే బయటి మైదానాన్నీ చూస్తాడు. దాడి చేసేవాళ్లు మాత్రం లాబీ (భవనంలో తమ వైపున్న హాలు) నుంచి బయటి మైదానానికి, లేదా బయటి నుంచి తిరిగి లాబీకి మారాలంటే భవనం చుట్టూ తిరిగి రావాలి. మనం మనసు మార్చుకుని రెండో చోటుకు చేరేలోపు రక్షకులు అక్కడికి వచ్చి, ఊపిరి తీసుకుని, గురి కూడా పెట్టుకుని ఉంటారు.

మ్యాప్ అనుకూలత అంటే నా దృష్టిలో ఇదే. రెండో చోటుకు ముందు ఎవరు చేరతారు అన్న ఒక్క ప్రశ్న. శాతాలు చూపే పట్టికలో ఏ పక్షం ఎంత గెలిచిందో కనిపిస్తుంది, ఎందుకు గెలిచిందో కనిపించదు. దూరాన్ని సెకన్లలోకి మార్చి చూస్తేనే అది తెలుస్తుంది.

ఇది ఒక్క ఆటకే పరిమితం కాదు. ఇదే తరహా ఆట వాలొరెంట్‌లో రౌండ్ 100 సెకన్లు, అక్కడి బాంబు అయిన స్పైక్ పేలడానికి 45 సెకన్లు. అంటే దాడికి సమయం తక్కువ, తిరిగి పట్టుకోవడానికి సమయం ఎక్కువ. అందువల్ల అదే దూరానికి అక్కడ విలువ వేరు. డోటా 2 అనే ఇంకో జట్టు ఆటలో కింది నుంచి ఎత్తు మీదున్నవాడిపై దూరం నుంచి వేసే దెబ్బల్లో 25 శాతం తప్పిపోతాయి, పైగా కిందున్నవాడికి పైన ఏముందో కనిపించదు. 2023 ఏప్రిల్‌లో ఆ ఆట మ్యాప్‌ను 40 శాతం పెద్దది చేసినప్పుడు హీరోల (ఆటగాళ్లు నడిపే పాత్రల) శక్తులు ఎలా ఉన్నా, ఒక పోరుకు సహాయంగా రావడానికి పట్టే సమయం మారింది. దాంతో పాత వ్యూహాలను మళ్లీ మొదటి నుంచి పరీక్షించుకోవాల్సి వచ్చింది. ఎత్తు, చూపు, దూరం. ఈ మూడూ చివరకు సమయంలోనే లెక్కకు వస్తాయి.

ఏం మార్చాం

మొదట లక్ష్యాన్ని మార్చాం. అంతవరకూ మావాళ్ల మనసులో "దాడి పక్షంగా 12లో కనీసం 6 గెలవాలి" అనే లెక్క ఉండేది. 2-5 వెనకబడగానే కంగారు పుట్టేది, కంగారుతో తొందర దాడులు, వాటితో 2-8. మా జట్టు రక్షణ పక్షంగా స్థిరంగా 8 లేదా 9 గెలుస్తోంది. అలాంటప్పుడు దాడిలో 5 చాలు. 4-8తో సగం ముగిసినా మ్యాచ్ ఇంకా చేతిలోనే ఉన్నట్టు. ఈ మాట తెల్లబోర్డు మీద రాసి, ప్రతి సాధనకు ముందు గుర్తుచేశాను. స్కోరును మ్యాప్‌తో కలిపి చదవడం నేర్పకపోతే, మంచి స్థితిలో ఉన్న జట్టు కూడా ఓడిపోతున్నామనుకుని ఆడుతుంది. శిక్షకులు ఈ విషయాన్ని నిర్లక్ష్యం చేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దీన్ని సరిచేయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.

తర్వాత బయటి మైదానం. అక్కడి నుంచి సీక్రెట్ అనే మెట్ల దారిలో దిగితే కింది సైట్‌కు చేరవచ్చు. ఆ మైదానం దాటేటప్పుడు హెవెన్ నుంచి, గ్యారేజ్ నుంచి తూటాలు వస్తాయి. మూడు స్మోక్‌లను (పొగ గ్రెనేడ్లను) వరుసగా వేసి ఒక గోడ కడితే ఆ చూపులు మూసుకుపోతాయి. ఇది కొత్త కిటుకేమీ కాదు, న్యూక్ ఆడే జట్లన్నింటికీ తెలుసు, మావాళ్లకూ తెలుసు. తెలియనిది ఆ గోడ వేసేది ఎందుకన్నది. గోడ పడగానే అయిదుగురూ దాని వెనక పరుగెత్తేవారు. రక్షకులకు పొగే చెప్పేసేది, దాడి కిందికి వస్తోందని. వాళ్లు తీరిగ్గా కిందికి దిగి కాచుకునేవారు.

మేం మార్చినది ఇంతే. ముగ్గురే దాటాలి, ఇద్దరు బాంబుతో లాబీలో ఉండాలి. గోడ వెనక దాటినవాళ్ల పని సైట్ గెలవడం కాదు, రక్షకుల్ని రెండుగా చీల్చడం. లాబీలో ఉన్నవాళ్ల పని ఆగడం. ఈ ఆగడం నేర్పడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది. కింద తోటివాడు కాల్పుల్లో ఉంటే పైనున్నవాడు కదలకుండా నిలబడటం కుర్రవాళ్ల స్వభావానికి విరుద్ధం. "వాడు చచ్చిపోతాడన్నా" అనేవారు. "నువ్వు ఆగితే వాడి చావుకు విలువ వస్తుంది, పరుగెత్తితే ఇద్దరి చావూ వృథా" అని చెప్పి, అదే రౌండును నలభైసార్లు ఆడించాను.

ఖర్చు విషయం చెప్పకపోతే ఈ ప్రణాళిక అసంపూర్ణం. ఆటలో ఒక్కో స్మోక్ ధర 300 డాలర్లు. మూడింటికి 900. ఓడిపోయి డబ్బు కరిగిపోయిన రౌండులో దీన్ని ప్రయత్నిస్తే తుపాకులకు డబ్బు మిగలదు. అందుకని పూర్తి డబ్బున్న రౌండ్లకే దీన్ని ఉంచాం. మిగతా రౌండ్లలో బాంబు పెట్టడమే లక్ష్యం, ఎందుకంటే రౌండ్ ఓడినా బాంబు పెడితే జట్టుకు అదనపు డబ్బు వస్తుంది, తర్వాతి రౌండుకు అది పెట్టుబడి.

మళ్లీ అదే మ్యాప్

కొన్ని వారాల తర్వాత ఒక మూడు మ్యాపుల పోటీలో ప్రత్యర్థి న్యూక్‌ను ఎంచుకుంది. మ్యాప్ వాళ్లు ఎంచుకుంటే పక్షం ఎంచుకునే హక్కు మనది. జట్టంతా ఒకే గొంతుతో "మొదట రక్షణ" అంది. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. 13 గెలవగానే ఆట ఆగిపోతుంది గానీ, ఆగకుండా 24 రౌండ్లూ ఆడించినా విజేత మారడు, ఎందుకంటే 13 గెలిచిన జట్టును 24లో ఇంకెవరూ దాటలేరు. సగం మారగానే ఇరుపక్షాల డబ్బూ మళ్లీ 800 డాలర్లకే వస్తుంది. కాబట్టి ఏ సగం ముందు ఆడామన్నదానికి లెక్కలో విలువ లేదు. ఆటగాళ్ల మనసులో మాత్రం ఉంది. 9-3 ఆధిక్యం చేజారడం ఈ జట్టు మనసులో ఇంకా పచ్చిగా ఉంది. అందుకే నేను దాడినే ముందు తీసుకోమన్నాను. అయిదు రౌండ్లు తెచ్చుకుంటే చాలు, మిగతాది మీకు బాగా వచ్చిన పనే.

తొమ్మిదో రౌండ్ గురించి చెబుతాను. స్కోరు 3-5. అందరి చేతుల్లో రైఫిళ్లు, స్మోక్‌లు ఉన్నాయి. గడియారంలో ఇంకా 1:25 మిగిలి ఉండగా గోడ పడింది. ముగ్గురు పొగ వెనక దాటారు, వారిలో ఒకడు సీక్రెట్‌లోకి దిగకుండా బయటే కంటైనర్ వెనక ఆగిపోయాడు. హెవెన్‌లో స్నైపర్‌తో ఉన్నవాడికి ఏమీ కనిపించలేదు. సీక్రెట్ మెట్ల మీద మావాళ్లిద్దరూ కావాలనే పరుగెత్తి చప్పుడు చేశారు. న్యూక్‌లో అంతస్తులు ఒకదానిపై ఒకటి ఉండటం వల్ల అడుగుల చప్పుడు పైనుంచా, కింది నుంచా అని పోల్చుకోవడం కష్టం. ఆ చప్పుడు రక్షకుల్లో అనుమానం రేపింది.

లాబీలో ఇద్దరూ ఆగారు. అప్పటికే నా అరచేతులు తడిసిపోయాయి. పది సెకన్లు, పదిహేను. అప్పుడు వెంట్ పలక పగిలిన శబ్దం స్పష్టంగా వినిపించింది. పై సైట్ నుంచి ఒకడు కిందికి దూకాడు. ఆ శబ్దం కోసమే మేం వారాలపాటు ఎదురుచూడటం నేర్చుకున్నాం. కెప్టెన్ ఒక్క మాట అన్నాడు: "ఇప్పుడు." కళ్లు చెదరగొట్టే ఫ్లాష్ గ్రెనేడ్ ఒకటి, పై సైట్‌కు వెళ్లే దారిలోని హట్ అనే చిన్న గది మీదుగా వెళ్లింది, ఇద్దరూ పై సైట్‌లోకి అడుగుపెట్టారు. బయట ఆగినవాడు మెయిన్ ద్వారం నుంచి అదే క్షణంలో వచ్చాడు. సైట్‌లో ఇద్దరే రక్షకులు మిగిలారు, స్నైపర్, ఇంకొకడు. ఒకడిని కోల్పోయాం, ఇద్దరినీ పడగొట్టాం. 38 సెకన్లు మిగిలి ఉండగా బాంబు పెట్టాం.

ఆ తర్వాత జరిగింది నాకు అన్నిటికంటే విలువైన పాఠం. కిందికి దూకడం రక్షకుడికి క్షణం పని. తిరిగి పైకి రావడానికి అంత దగ్గర దారి లేదు. అంతవరకూ వాళ్లకు వరంగా ఉన్న మ్యాప్ నిర్మాణం ఆ 40 సెకన్లలో భారమైంది. వాళ్లు ర్యాంప్ వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చేసరికి మావాళ్లు మంచి స్థానాల్లో గురి పెట్టి ఉన్నారు. ఇప్పుడు రెండో చోటుకు ముందు చేరింది మేమే. రౌండ్ గెలిచాం.

మొదటి సగం 5-7తో ముగిసింది. రక్షణలో 8-3. మొత్తం 13-10. దాడిలో ఓడిన 7 రౌండ్లలో కూడా మూడింట బాంబు పెట్టగలిగారు. 2-10 నుంచి 5-7కు రావడం అంకెల్లో చిన్న మార్పులా కనిపించవచ్చు, ఈ మ్యాప్‌లో మాత్రం అది ఓటమికీ గెలుపుకూ మధ్య ఉన్న మొత్తం దూరం.

పని చేయనివి, మధ్యలో దొరికినవి

ఈ ఫలితంతో ఉత్సాహపడి మావాళ్లు మిరాజ్ మ్యాప్‌లోనూ ఇదే పద్ధతి పెట్టారు, ముగ్గురు ఒకవైపు చప్పుడు చేయడం, ఇద్దరు ఆగడం. అక్కడ ఘోరంగా దెబ్బతిన్నారు. మిరాజ్‌లో మధ్య భాగం ఎవరి చేతిలో ఉందన్నదే రొటేషన్ దూరాన్ని, అంటే ఒక సైట్ నుంచి ఇంకోదానికి మారే దూరాన్ని, నిర్ణయిస్తుంది. మధ్యను వదిలేసి అంచుల్లో చీలిపోతే, రక్షకులకు మనమే దారి తెరిచినట్టు. పైగా అక్కడ వెంట్ పలక పగిలిన శబ్దం లాంటి స్పష్టమైన సూచన లేదు, ఎప్పుడు కదలాలో న్యూక్ లాబీలో ఆగినవాళ్లకు తెలిసినట్టు అక్కడ తెలియదు. ఒక మ్యాప్ నుంచి ఇంకో మ్యాప్‌కు ఎత్తుగడను తీసుకెళ్లలేం. కొలిచే పద్ధతిని మాత్రమే తీసుకెళ్లగలం.

ఇంకో సంగతి నేను వెతకకుండానే దొరికింది. మా ర్యాంప్ రక్షకుడు మంచి స్థానంలో నిలబడి కూడా పదేపదే ముందు చనిపోతున్నాడు. డెమోలో చూస్తే తప్పేమీ కనిపించదు. అతడి నెట్ కనెక్షన్ ఆలస్యం జట్టులో అందరికంటే ఎక్కువ. మూల నుంచి బయటికి వచ్చేవాడు తన తెరమీద ముందే ఎదుటివాడిని చూస్తాడు. అతడు కదిలిన సమాచారం సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి కాచుకున్నవాడి తెరకు చేరేసరికి ఆలస్యమవుతుంది. ఆలస్యం పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. అంటే కాగితం మీద రక్షకుడికి ఉన్న స్థాన బలాన్ని నెట్ ఆలస్యం కొంత తినేస్తోంది. అతడిని కదలకుండా కాచే పని నుంచి తప్పించి, తోటివాడి పక్కన ఉండి వెంటనే బదులు తీర్చే పనిలో పెట్టాను. ఆ ఒక్క మార్పుతో ర్యాంప్ వైపు మేం తేలిగ్గా కోల్పోయే రౌండ్లు తగ్గాయి. ఆటగాడిని నిందించే ముందు అతడి పింగ్, అంటే ఈ నెట్ ఆలస్యం, చూడాలని శిక్షకులందరినీ వేడుకుంటున్నాను. ఆ కుర్రవాడు తనకు ప్రతిభ లేదనుకుని ఆట మానేద్దామనే దాకా వచ్చాడు.

ప్రస్తుతం మా ముందున్న సమస్య వేరు. ప్రత్యర్థులు మా డెమోలు చూశారు. గోడ పడకముందే వాళ్ల గ్యారేజ్ రక్షకుడు బయటి మైదానంలోకి ముందుకొచ్చి కంటైనర్ల మధ్య నిలబడుతున్నాడు. పొగ పడ్డాక అతడు పొగకు మా వైపే ఉండిపోతున్నాడు, దాటేవాళ్లను వెనక నుంచి కాలుస్తున్నాడు. పొగలోకి ఒక పేలుడు గ్రెనేడ్ వేస్తే కౌంటర్ స్ట్రైక్ 2లో కాసేపు పొగ చెదిరి చూపు తెరుచుకుంటుంది కాబట్టి, అతడి తోటివాడు హెవెన్ నుంచి ఆ పని కూడా చేస్తున్నాడు. ఇప్పుడు గోడకు ముందే మైదానంలో ఒక మూలను గెలవాల్సి వస్తోంది. దానికి ఎన్ని సెకన్లు ఖర్చవుతాయి, ఆ తర్వాత లాబీలో ఆగడానికి ఎంత మిగులుతుంది అన్నది ఈ వారం మళ్లీ రౌండు రౌండుకూ రాసుకుంటున్నాం. ఇప్పటివరకు చూసిన రౌండ్లలో గోడ 1:05 దగ్గర పడుతోంది. దాన్ని 1:15కు తేవాలి.